ఆకురాయి పట్టలేదండీ

నా చిన్నప్పుడు భవానీపురంలో మా బాబాయికి ఒక రిపేరు షెడ్డు ఉండేది. మోటార్లలో, మరల్లో తిరిగే ఇనుప షాఫ్టులు అరిగిపోతే వాటికి నిప్పురవ్వలతో గట్టి పూత వేసేవాడు. ఆయన దగ్గర ఒక కరెంటు పెట్టె, దానికి తీగతో కలిపిన పెన్నులాంటి పిడి ఉండేవి. పిడి కొసన గట్టి లోహపు పుల్ల బిగించి షాఫ్టు మీద ఆనిస్తే చిటచిటమని నీలం రవ్వలు లేచేవి. ఒక్కో రవ్వకీ పుల్లలోంచి కాస్త లోహం కరిగి ఇనుముకి అంటుకునేది. బడి వదలగానే నేను అక్కడికే పరిగెత్తేదాన్ని. బాబాయంటే నాకు అంత పిచ్చి.

పూత గట్టిదో కాదో, ఇనుముని అరగదీసే పళ్ళున్న ఆకురాయితో గీసి చూస్తారు. ఆకురాయి పట్టి ఇనుపరజను రాలితే మెత్తగా ఉన్నట్టు, పట్టకుండా జారిపోతే గట్టిపడినట్టు. ఆ పని బాబాయి నాకు అప్పగించాడు. షాఫ్టు తీసుకోవడానికి వచ్చినవాళ్ళ ముందు బల్ల మీది ఆకురాయి తీసి, రెండు చేతులా నొక్కి గీసి, పట్టలేదండీ అని చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వుకుంటూ పట్టుకెళ్ళేవారు. పదేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం కావాలి? నేనప్పుడు నేల మీద నడిచేదాన్ని కాదు.

మా వెనక వీధిలో పిండిమర నడిపే అత్తయ్య ఉండేది. భర్త పోయాక ఆ మర మీదే ఇద్దరు పిల్లల్ని పెంచుకొస్తోంది. కారం పట్టించే ఎండాకాలం వస్తే ఆవిడకి తినడానికి కూడా తీరిక ఉండదు, ఏడాదంతా గడిచేది ఆ రెండు నెలల మీదే. సరిగ్గా ఆ రోజులు మొదలవబోతుంటే మర షాఫ్టు అరిగింది. పూత వేశాక తీసుకెళ్ళడానికి వచ్చి, బాబాయి ఏదో చెబుతున్నా వినిపించుకోకుండా నా వైపు తిరిగి గీసి చూడమంది. గీశాను. జారింది. పట్టలేదత్తయ్యా అన్నాను.

పది రోజులకే మర ఆగిపోయింది. ఆ సంగతి తెలియక అమ్మ నాకు ఎండుమిరపకాయలిచ్చి పంపింది. వెళ్ళేసరికి మెకానిక్కు షాఫ్టు ఊడదీసి, తన ఆకురాయితో పూత మీద గీస్తున్నాడు. రజను పొడిపొడిగా రాలుతోంది. నమ్మలేక, నేనూ అడిగి తీసుకుని గీశాను. నా చేతికిందా రాలింది.

షెడ్డుకి పరిగెత్తాను. బల్ల మీది ఆకురాయి తీసి మామూలు మేకు ఒకటి గీశాను. జారిపోయింది. ఎంత నొక్కినా మేకు మీద గీత కూడా పడలేదు. పళ్ళన్నీ అరిగిపోయిన ఆకురాయి అది. ఇన్నాళ్ళూ నా చేతికిచ్చింది దాన్నే.

బాబాయిని నిలదీశాను. గట్టి పుల్ల అయిపోయిందని, మామూలు ఇనుప కడ్డీ పెట్టి రవ్వలు తెప్పించానని తాపీగా ఒప్పుకున్నాడు. మరి నాచేత ఎందుకు చెప్పించావని అడిగితే చేస్తున్న పని మీంచి తల కూడా ఎత్తలేదు.

"నేను చెబితే ఎవరు నమ్ముతారే? నువ్వు చెబితే నమ్ముతారు."

ఆయన నన్ను కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. నేను ముద్దొచ్చి దగ్గర పెట్టుకున్నాడనుకున్నాను. ఏడుస్తూనే వెళ్ళి అత్తయ్యకి అంతా చెప్పేశాను. ఆవిడ ఆగిన మర పక్కన పీట మీద కూర్చుని ఉంది. మిరపకాయలు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మూటలు తిరిగి నెత్తికెత్తుకుని వేరే మరకి వెళ్ళిపోతున్నారు. ఆవిడ నన్ను తిట్టలేదు. కొంగుతో నా మొహం తుడిచింది.

"మీ బాబాయి సంగతి నాకు తెలుసు తల్లీ. అందుకేగా నిన్నడిగింది."

ఇప్పుడు నాకు అరవై దాటాయి. బాబాయి పోయి చాలాకాలమైంది. ఆయన మీద కోపం పోయిందని మాత్రం చెప్పలేను. ఎవరైనా వచ్చి, మీరొక్క మాట చెప్పండి చాలు అంటే అందరూ గౌరవం అనుకుంటారు. నాకు అత్తయ్య గొంతు వినిపిస్తుంది. నాకు తెలియదండీ అనేస్తాను, తెలిసినప్పుడు కూడా.