సాయిలు జీపును ఎంత ఎత్తు లేపాలి?

కరోనా తగ్గి వర్క్‌షాపులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది అది. వానాకాలం చివరి రోజులు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్కనున్న నా షెడ్డుకు సాయిలు అనే రైతు తన పాత జీపు తీసుకొని వచ్చాడు. పక్కన అతని భార్య లక్ష్మి ఉంది.

నేను చేసేది సస్పెన్షన్ పని. చక్రాలకూ బాడీకీ నడుమ ఉండే కమాన్ పట్టీలు, షాక్ అబ్జార్బర్లు నా పరిధి. బండి గుంతలో పడ్డప్పుడు మన నడుముకు దెబ్బ తగలకుండా కాపాడేవి అవే.

సాయిలుది మంజీర ఒడ్డున నల్లరేగడి ఊరు. జీపుకు ఒక్కరోజు సెలవు లేదు. పొద్దున బోధన్‌కు పాల క్యాన్లు, తర్వాత పొలానికి కూలీలు, తిరుగు ప్రయాణంలో ఎరువు బస్తాలు. ఏళ్ల తరబడి మోసిన బరువుకు కమాన్ పట్టీలు వంపు పోయి చదునుగా అయిపోయాయి.

"అన్నా, నాలుగు ఇంచులు లేపు" అన్నాడు సాయిలు దిగీదిగగానే. ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అందులో ఎత్తయిన బండి ఒకటి బురదను చిమ్ముకుంటూ పోతోంది. "గిట్ల కావాలె."

బండిని ఇలా లేపడాన్ని లిఫ్ట్ అంటారు. ఎక్కువగా కుర్రాళ్లు షోకు కోసం చేయించుకుంటారు. సాయిలుది షోకు వయసు కాదు. ఎందుకని అడిగాను. లక్ష్మే చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరిపి కుడికాలు చూపించింది. చీలమండ దగ్గర చర్మం నల్లబడి ఉంది. వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"కలుపు తీస్తుంటె పాము కర్సింది అన్నా" అంది.

మిగతాది సాయిలు చెప్పాడు. ఆమెను జీపులో వేసుకొని బయల్దేరితే పొలాల బాటలోనే బండి దిగబడింది. "టైర్లు తిర్గుతున్నయి గని బండి కదుల్తలేదు. ఈమెకేమో కండ్లు మూతలు వడుతున్నయి. నేను ఎక్సలేటర్ తొక్కుతనే ఉన్న." పక్క పొలంలోని ట్రాక్టరాయన వచ్చి బంపర్‌కు తాడు కట్టి లాగితే బంపర్ ఊడి చేతికొచ్చింది. చివరికి ఆమెను ట్రాక్టర్ మీదికి మార్చి తారురోడ్డు దాకా తెచ్చారు. అక్కడ అంబులెన్స్ అందింది. దవాఖానాలో మందు ఎక్కించి బతికించారు. ఇదంతా చెబుతున్నంతసేపు అతను భార్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నేను జీపు కిందికి దూరాను. వెనక ఇరుసు మధ్యలో కుండలా ఉబ్బి ఉండే భాగం డిఫరెన్షియల్. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచేది అదే. దాని అడుగు గీసుకుపోయి తళతళలాడుతోంది. ట్రాక్టర్ చక్రాల జాడల్లో జీపు దిగినప్పుడు, నడుమ మిగిలిన మట్టి గట్టు మీద ఈ కుండ కూర్చుంది. చక్రాలకు పట్టు దొరకలేదు.

"సాయిలన్నా, ఆరు ఇంచులు లేపినా గిది లేవది" అన్నాను. కమాన్ పట్టీలు ఇరుసు మీద కూర్చుంటాయి. అవి లేపేది పైనున్న బాడీనే. ఇరుసు పైకి రావాలంటే టైరు పెద్దది కావాలి.

అతనికి కోపం వచ్చింది. "నీతోని కాదంటె చెప్పు. హైదరాబాద్ వోయి చేపిచ్చుకుంట."

ఆ కోపం నా మీద కాదని తెలుస్తూనే ఉంది. షెడ్డులో మా ఊళ్లోని కంఠేశ్వర్ ఏరియా కుర్రాడి బండి ఒకటి ఉంది. అచ్చంగా నాలుగు ఇంచుల లిఫ్ట్. "అక్కా, ఒకసారి గా బండ్ల ఎక్కి సూడు" అన్నాను లక్ష్మితో.

ఆమె తలుపు పట్టుకొని మంచి కాలు పైకెత్తింది. బరువంతా పాము కరిచిన కాలి మీద పడేసరికి మొహం ముడుచుకుపోయింది. సాయిలు వెనక నుంచి లేపబోయాడు. ఆమె మోకాలు తలుపు అంచుకు కొట్టుకుంది. ఇద్దరూ ఆగిపోయారు.

"తెలివి ఉన్నప్పుడే ఎక్కరాకుంటె, గా దినం నన్ను ఎట్ల ఎక్కిస్తుంటివి?" అందామె.

సాయిలు ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వచ్చి స్టెప్నీ టైరు మీద కూలబడ్డాడు. "మరి నన్నేం జెయ్యుమంటవ్ అన్నా?"

అప్పుడు అసలు పని మొదలైంది. కొత్త కమాన్ పట్టీలు వేశాను. జీపు వచ్చినప్పటి కంటే రెండు ఇంచులు లేచింది. అందులో సగానికి పైగా పాత పట్టీలు కుంగి పోగొట్టుకున్న ఎత్తే. ఆ ఎత్తుకు తగ్గ షాక్‌లు బిగించి, బ్రేక్ పైపులు సాగిపోకుండా పొడుగువి మార్చాను. టైర్లు ఒక సైజు పెద్దవి, బురదలో పట్టుండేవి పెట్టాం. వాటితో డిఫరెన్షియల్ కొంచెం పైకి వచ్చింది. పికప్ కాస్త తగ్గుతుందనీ, పాల క్యాన్లతో మలుపు తిరిగేటప్పుడు మునుపటి కంటే నెమ్మదిగా పోవాలనీ ముందే చెప్పాను. పక్కన ఫుట్‌స్టెప్ పెట్టాను. ముందూ వెనకా ఛాసిస్‌కు, అంటే బండి వెన్నెముక లాంటి ఇనుప చట్రానికి, తాడు కట్టే హుక్కులు బోల్టులతో బిగించాను. సాయిలు ఆ హుక్కును పట్టుకొని బలంగా లాగి చూశాడు. తర్వాత ఇంకోసారి లాగాడు.

మరుసటి వానల్లో గ్రీజు పెట్టించడానికి వచ్చాడు. మళ్లీ ఇరికిందా అని అడిగాను.

"ఒకపారి ఇరికింది. తాడు కట్టి గుంజిన్రు, ఎల్లింది. ఇప్పుడు నీళ్లు నిలిచిన కాడ దిగి సూసినంకనే పోతున్న."

"అక్క ఎట్లున్నది?"

"మంచిగున్నది. పొలంకు వోతున్నది. పాము కర్వకుండ గమ్ బూట్లు తెచ్చిచ్చిన. ఏస్కోమంటె నవ్వుతది, గని ఏస్కుంటది."

అప్పటి నుంచి నాకొక అలవాటు వచ్చింది. ఎవరైనా ఇన్ని ఇంచులు లేపమని వస్తే, బండి ఎక్కడ ఆగిపోయిందో చెప్పమంటాను. రోజూ అందులో కూర్చునేవాళ్లను వెంట తీసుకురమ్మంటాను. కొందరు విసుక్కుంటారు. ఒకసారి భయపడ్డ మనిషి అడిగేది ఇంచులు కాదు, ఆ రోజు మళ్లీ రాకూడదని. ఆ హామీ నా షెడ్డులో దొరకదు. అలాంటి రోజు వచ్చినప్పుడు మనిషిని తొందరగా బండిలోకి ఎక్కించడానికీ, బండిని తొందరగా బురదలోంచి లాగడానికీ కావలసింది మాత్రం చేసి పంపగలను.