లేని మూఢం

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళింట గృహప్రవేశమన్నా, పుట్టువెంట్రుకలన్నా ముహూర్తం పెట్టేది మల్లికార్జునే. చదివింది మెకానికల్ ఇంజనీరింగు. తాతగారి పౌరోహిత్యం తాతగారితోనే పోయింది కానీ, ఆయన నేర్పిన పంచాంగం చూడటం మాత్రం మనవడికి మిగిలింది. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అతని సోఫాలో చేతులు కట్టుకుని కూర్చునేవారు. అందుకు లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా మహానుభావుడు.

అతనూ, స్నేహితుడు వాసుదేవరావూ కలిసి చమురు బావులకి పైపులమ్మే కంపెనీ పెట్టారు. చెరిసగం వాటా. మల్లికార్జున్‌కి అప్పటికే సొంత ఇల్లుంది. వాసుదేవరావు అపార్ట్‌మెంట్‌లో సర్దుకుంటూ, హోటలు గడప తొక్కకుండా, ఇంటికోసం కూడబెట్టాడు. 1984 కార్తీకంలో పెరట్లో పెకాన్ చెట్టున్న ఇల్లొకటి బేరం కుదిరింది. ఉన్నదంతా పోసి కొనేద్దామని ముహూర్తానికి వచ్చాడు.

సరిగ్గా ఆ వారమే వాళ్ళ కంపెనీకి బ్యాంకు లోను ఇవ్వబోతోంది. ఇద్దరూ సొంతంగా పూచీ పడాలి. వాసుదేవరావు ఖాతాలో ఆ డబ్బు కనపడితేనే లోను, లేకపోతే గోవిందా. మల్లికార్జున్ పంచాంగం తెరిచి, మొహం గంభీరంగా పెట్టాడు.

"మూఢంరా వాసూ. ఫాల్గుణం దాకా ఆగు. ఇప్పుడు సైన్ చేయకు."

మూఢమూ లేదు, పాడూ లేదు. తాతగారి దగ్గర నేర్చుకున్న విద్యతో అతను ఆడిన మొదటి అబద్ధం అది.

వాసుదేవరావు మారుమాట్లాడకుండా ఆగాడు. ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. లోను వచ్చింది, పూచీ కింద వాసుదేవరావు డబ్బు బ్యాంకులోనే ఉండిపోయింది. 1986లో చమురు ధర కుప్పకూలింది, దాంతోపాటే కంపెనీ. ఇద్దరూ దివాలా పిటిషన్ వేయక తప్పలేదు.

లాయరు మొదట మల్లికార్జున్‌కి ధైర్యం చెప్పాడు. కాపురముంటున్న ఇంటి జోలికి టెక్సస్‌లో బ్యాంకు రాలేదట. ఇల్లు కొన్నప్పటి అప్పు వాయిదాలు కట్టుకుంటూ పోతే చాలు, ఇంట్లో పెట్టిన డబ్బంతా అతనిదేనట. తరవాత వాసుదేవరావు వైపు తిరిగాడు. బ్యాంకులో ఉన్న డబ్బుకి అలాంటి రక్షణ లేదు, ఏవో కొద్ది వేలు తప్ప అంతా పోతుంది. "అదే డబ్బుతో ఇల్లు కొనుక్కుని ఉంటే మీకూ మిగిలేది," అన్నాడు నొచ్చుకుంటూ.

మల్లికార్జున్ కార్పెట్ వైపు చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పక్కనున్నవాడు కాగితాల మీద సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు.

ఆ తరవాత సొంత ఇల్లే అతనికి పరాయి సొమ్ములా తోచింది. పిల్లల పుట్టినరోజులు చేసుకోవడానికి వాసుదేవరావు కుటుంబం అక్కడికే వచ్చేది. "మీ ఇల్లైనా నిలబడింది అన్నయ్యా, అదే పదివేలు," అనేది నళిని, వాసుదేవరావు భార్య, పులిహోర గిన్నె బల్లమీద పెడుతూ. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. పిరికితనం అడ్డుపడింది.

1989లో వాసుదేవరావు మళ్ళీ ఉద్యోగం చేసి, అప్పు తీసుకుని, చిన్న ఇల్లు కొన్నాడు. భార్యాభర్తలిద్దరూ గృహప్రవేశానికి పిలవడానికి వచ్చారు. నళిని మల్లికార్జున్ భార్యకి బొట్టు పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, ఈసారైనా నిజం చెప్పాలని అతను పంచాంగం తీశాడు.

"ఉండు, మంచిరోజు చూస్తాను. ముందు నీకో మాట..."

వాసుదేవరావు పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"రోజు పెట్టుకున్నాంలే. ఆదివారం. ఆఫీసుండదు కదా."

"తిథి అదీ చూడకుండానా?"

"నువ్వు ఆగమన్న ఆ కార్తీకంలోనే మా తమ్ముడు బాపట్లలో గృహప్రవేశం చేశాడు మల్లీ. ఫొటోలు పంపాడు. అవి అందేసరికి ఇక్కడ ఇల్లు చేజారిపోయింది."

మల్లికార్జున్ పంచాంగం మీంచి చెయ్యి తీసేశాడు. "మరి... ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"అడిగితే మళ్ళీ నీ గుమ్మం ఎలా తొక్కను? ఈ ఊళ్ళో మాకు ఇంకెవరున్నారు?"

లోపల్నించి ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. వాసుదేవరావు గొంతు తగ్గించాడు.

"పాలు పొంగే వేళకి వచ్చెయ్. పంచాంగం మాత్రం తేకు."