దిష్టికి భయపడి

మాది అమెరికాలో టెక్సస్‌లోని ఇర్వింగ్. మా అబ్బాయి కార్తీక్ కాలేజీ బేస్‌బాల్ టీమ్‌లో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టి తిరిగి విసిరేవాడు. నిరుడు ఒక మ్యాచ్‌లో నా పక్కన ఒక పెద్దాయన నోట్‌బుక్, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి తాతగారో అనుకున్నాను. కార్తీక్ బంతి విసిరినప్పుడల్లా కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"మీ అబ్బాయా? అద్భుతం!" అన్నాడు.

దిష్టి తగులుతుందని హడలిపోయాను. "అద్భుతమా నా మొహమా! మోకాళ్ల నొప్పులు, చెప్పిన మాట వినడు, పదింటిదాకా లేవడు," అని నాకొచ్చిన ఇంగ్లీషులో ఏకరువు పెట్టాను. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు.

ఆట ముగిశాక కార్తీక్ పరుగున వచ్చాడు. "మమ్మీ, ఆయన స్కౌట్! ప్రొఫెషనల్ టీమ్ వాళ్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ కోసం నన్ను చూడ్డానికి పంపారు. ఏం మాట్లాడావ్?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు టపటపలాడిస్తూ పార్కింగ్ లాట్ దాకా పరుగెత్తి, దిష్టి సంగతంతా ఆయనకు విడమరిచాను. ఆయన పగలబడి నవ్వి నోట్‌బుక్ తెరిచాడు.

"అయితే ఇవన్నీ అబద్ధాలేనా?"

"పదింటిదాకా లేవడన్నది మాత్రం నిజమేనండీ," అన్నాను.

మిగతావి కొట్టేశాడు. డ్రాఫ్ట్‌లో కార్తీక్ పేరు వచ్చింది.

ఇప్పటికీ వాడిని ఎవరు పొగిడినా తిట్టే తీరతాను. కాకపోతే ముందు వాళ్ల చేతిలో నోట్‌బుక్ ఉందేమో చూసుకుంటాను.