తమ్ముడు పంపిన సారె

పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు సారె పంపుతారు. మా తమ్ముడు మట్టి పంపుతాడు. వానలు మొదలైతే చాలు, నాగా లేకుండా పంపుతాడు.

మా దీవిలోని బ్రూక్షాబాద్‌లో కొండవాలు మీద మా నాన్న వదిలివెళ్ళిన నేల వాడే సాగు చేస్తున్నాడు. బీర, బెండ, వంగ. కింద వాగు. ఆ వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడచెట్ల పక్కన మా అత్తవారిల్లు. మగవాళ్ళు పడవెక్కి వేటకి పోతే, పోటు తగ్గి నీళ్ళు తీసిన వేళ మా అత్త మొగలో దిగి చేత్తో తడిమి కూరకి పనికొచ్చే గుల్లలు ఏరుతుంది. బుట్ట నెత్తిన పెట్టుకుని తానే అమ్ముకొస్తుంది. ఇంత వయసొచ్చినా కొడుకుల ముందు చెయ్యి చాచింది లేదు. ఆవిడ గర్వమంతా ఆ బుట్టే.

తమ్ముడు వాగు అంచుదాకా తవ్వేశాడు, గట్టన్నది మిగల్చలేదు. వాన ముందు యూరియా చల్లుతాడు. మా దీవుల్లో వానంటే కుండపోతే కదా, మట్టీ ఎరువూ కలిసి మా మొగలోకి దిగుతాయి. ముందు ఎరుపు, వాన తగ్గాక పచ్చటి నాచు. పోయిన వానాకాలం అత్త మోకాలిదాకా బురదలో కూరుకుపోయి గుప్పెడు గుల్లలు తీసింది. అన్నీ నోరు తెరుచుకుని చచ్చినవే. ఆవిడ వాటిని పారేసి, ఖాళీ బుట్ట కడిగి బోర్లించింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చిన సారె నలుగురికీ పంచడం ఆచారం. మా వీధిలో పంచితే వాడికేం తెలుస్తుంది? ఆ బురద పళ్ళేనికెత్తి, పసుపూ కుంకుమా పెట్టి, వాడి వీధిలోనే ఇంటింటికీ తిరిగాను. "మా తమ్ముడు పంపినాడమ్మా, తీసుకోండి." ఒకావిడ తలుపేసుకుంది. పక్కింటి బెంగాలీ ఆవిడకి సారె అంటే ఏమిటో హిందీలో చెప్పేసరికి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "దీదీ, పాగల్ అయిపోనావేటి? నా ఇజ్జత్ తీసేత్తన్నావు!"

"నీ మట్టేరా. నీకే తెచ్చినాను."

"వాన ముందే ఎరువెయ్యాల. తడుంటేనే దిగుద్ది."

"దిగింది. మా అత్త గుల్లల మీద దిగింది."

"మరి నన్నేటి సెయ్యమంతావు? ఖేతీ మానేసి కూకోనా? కూరగాయలొచ్చే షిప్పు లేటయితే ఈ వీధంతా నా కాడికే కదా వచ్చేది!"

అదీ అబద్ధం కాదు. కానీ వాడి మాట నిజమైనంత మాత్రాన మా అత్త బుట్ట నిండదు. వాగు అంచున కాస్త నేల వదిలి గడ్డి పెంచరా, మట్టిని పట్టి ఆపుతుంది అన్నాను. ఒక వరస బెండ పోతుందన్నాడు. పైగా, "జమీన్ నాది, నా ఇష్టం" అన్నాడు.

నాన్న పోయినప్పుడు నా వాటా నేను అడగలేదు. మంచి అక్క అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మంచితనం ఇక చాలనుకున్నాను.

"జమీన్‌లో ఆధా నాది. ఆధా అడగను. వాగు అంచు నాకిచ్చెయ్."

"అక్కడేటి పండిత్తావు?"

"ఏటీ పండించను."

పెద్దలు కూర్చున్నారు. వాడు అరిచాడు, అలిగాడు, సగం పోయేకన్నా అంచు పోవడం నయమని చివరికి ఒప్పుకున్నాడు. ఇప్పుడక్కడ నిమ్మగడ్డీ వట్టివేరూ నా నడుము దాకా పెరిగాయి. వాడు నాతో సరిగ్గా మాట్లాడడు. మాట్లాడకపోతే పోనీ.

ఈ వానకీ మొగ ఎర్రబడింది, కాకపోతే కొంచెం తక్కువ. అత్తకి గుల్లలు దొరుకుతున్నాయి, బుట్ట అడుగు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది. తమ్ముడి నేలకి పైన ఇంకా వేరేవాళ్ళ తోటలున్నాయి, వాటి మట్టీ ఈ వాగులోకే వస్తుంది. వాళ్ళ నేలలో నాకు వాటా లేదు. లేకపోతే ఏం, నోరుంది. వెళ్తాను.