శేషయ్య కారుకు జైతున్‌బీ వేసిన మాటు

"బుడేన్ చేయంటే చేయి. కళాయి ఏడాదైనా వదలదు" అని ఆళ్లగడ్డలో ఇత్తడి గిన్నెలున్న ప్రతి ఇల్లాలూ తొమ్మిదేళ్లుగా చెప్పుకుంటోంది. ఆ తొమ్మిదేళ్లలో బుడేన్ ఒక్క గిన్నెకైనా కళాయి పూయలేదు. పూసింది అతని భార్య జైతున్‌బీ.

డెబ్బై నాలుగులో వానాకాలాన బుడేన్‌కు విషజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ చేతుల వణుకు పోలేదు. టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ లుంగీ మీదే. కళాయి పనిలో మగవాడు కొలిమి ముందర కూర్చుంటాడు, ఆడది వెనకాల తిత్తి ఊదుతుంది. అది వాళ్ల తాతల నాటి పద్ధతి. బుడేన్ తిత్తి దగ్గరికి జరిగాడు, జైతున్‌బీ కొలిమి ముందరికి వచ్చింది. మొదటి వారంలోనే ప్లీడరుగారి భార్య జయలక్ష్మి చూసింది.

"ఇదేందీ! ఆడమనిషి కళాయి పూస్తాందా? వద్దు తల్లీ, మా ఇంట్లో పులుసు ఇరిగిపోతాది" అని తెచ్చిన గిన్నెలు తెచ్చినట్టే తీసుకుపోయింది.

ఆడమనిషి పెట్టిన పులుసు ఆడమనిషి పూసిన గిన్నెలో ఎందుకు విరుగుతుందో ఆ చదువుకున్న ఇల్లాలిని అడిగినవాడు లేడు. ఆనాటి నుంచి మొగుడూ పెళ్లాలు కొత్త ఆట నేర్చారు. బస్టాండు ప్రహరీగోడ నీడలో పని. గిరాకీ మలుపు తిరిగితే చాలు, బుడేన్ ముందుకొచ్చి పట్టకారు పట్టుకుంటాడు, జైతున్‌బీ వెనక్కి జరిగి తిత్తి మీద చేయి వేస్తుంది. గిరాకీ పోగానే మళ్లీ ఎవరి చోటికి వాళ్లు. జయలక్ష్మి గిన్నెలు తిరిగొచ్చాయి. "మీ ఆయన చేతి మహిమే మహిమమ్మా" అని ఆమె జైతున్‌బీకే చెప్పేది. జైతున్‌బీ తలూపేది. వేళ్ల మీద బొబ్బలు కొంగు కింద దాచుకొని తలూపేది.

"నా పేరు మోగతాంటే నీకు కడుపు మండదా?" అని బుడేన్ నవ్వేవాడు.

"మండితే మంచిదే. బొగ్గులు మిగుల్తాయి" అనేది ఆమె.

అట్లా ఎన్నాళ్లయినా గడిచేదేమో. కానీ ఎనభై మూడులో రోడ్డు వెడల్పు చేస్తామని ప్రహరీగోడ మీద సున్నంతో గీత గీశారు. గోడ పోతే నీడ పోతుంది, కొలిమి పోతుంది. అప్పుడే కంచు ఇత్తడి చేతిపనివారల సంఘం బస్టాండు వెనక ఆరు గదులు కట్టించింది. పని వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి గదులిస్తారట. అర్జీ బుడేన్ పేరు మీదే పోయింది. వేరే పేరు ఎవరికి తెలుసు?

ఆ సంఘానికి అధ్యక్షుడు శేషయ్య. ఈ మహానుభావుడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. నంద్యాలలో ఆయనకున్నది స్టీలు సామాన్ల అంగడి. ఇత్తడి గిన్నె తూకానికి తెచ్చిస్తే స్టీలు గిన్నె ఇస్తాడు. కళాయివాళ్ల నోట్లో మన్ను కొట్టి మేడ కట్టినవాడు కళాయివాళ్ల సంఘానికి పెద్ద. పుట్టి బుద్ధెరిగాక నిప్పును ఆయన బీడీ కొన దగ్గర తప్ప చూడలేదు. మీటింగుల్లో మాత్రం "మన చేతిపని మన ప్రాణం" అని గొంతు గద్గదం చేసుకుంటాడు. పౌడరు పూసుకున్న ఆ చేతులకు పని ఎట్లుంటుందో ఎవరైనా చూపిస్తే బాగుండు.

మే నెలలో పరీక్ష పెట్టడానికి ఆయన అంబాసిడరు కారులో బయలుదేరాడు. ఆ పొద్దున రేడియేటరులో తుప్పునీళ్లు వదలాలని డ్రైవరు పౌలు అంటే, "నీకేం తెల్చురా, పక్కకు పో" అని తానే వంగి, అడుగునున్న డ్రైన్ ప్లగ్గును పట్టకారుతో బిగపట్టి తిప్పాడు. చిలుము పట్టి బిగుసుకున్న ప్లగ్గు తిరగలేదు, తల విరిగి చేతికొచ్చింది. పౌలు సబ్బుముక్క నమిలి ఆ సందులో కూరాడు. సిరివెళ్ల దాకా ఆగింది. ఆ తర్వాత సబ్బు కరిగింది, నీళ్లు కారాయి, ఆళ్లగడ్డ బస్టాండు ముందర కారు పొగలు కక్కుతూ నిలబడిపోయింది.

వర్క్‌షాపు మేస్త్రీ వంగి చూసి లేచాడు. "మరలు తినేసినాయప్పా. కొత్త ప్లగ్గు తెచ్చినా కూసోదు. మాటు వెయ్యాల. నేను గ్యాసు మంట పెడితే అడుగు అతుకులన్నీ ఇడిపోతాయి. నా వల్ల గాదు."

"సాయంత్రం నాకు నంద్యాలలో సన్మానముండాది!" అన్నాడు శేషయ్య.

పౌలు గోడ వైపు చూపించాడు. "ఆడ కళాయోళ్లు ఉండారయ్యా. సన్న మంట మీద పని జేసేది వాళ్లే."

శేషయ్య మొహం వెలిగింది. ఉత్తపుణ్యానికి కారు బాగవుతుంది. "బుడేనూ, వేరే పరీక్ష ఎందుకప్పా నీకు? ఇదే నీ పరీక్ష. జెయ్యి బేగా!" అని కుర్చీ వేయించుకొని గొడుగు కింద కూర్చున్నాడు.

గిన్నె పరీక్ష అయితే జైతున్‌బీ ముందు రాత్రే పూసి పెట్టి, ఆయన ముందర బుడేన్ ఊరికే తుడిస్తే చాలనుకున్నారు మొగుడూ పెళ్లాలు. ఇది అట్లా కాదు. పౌలు రేడియేటరు ఊడదీసి గోనెసంచి మీద బోర్లించాడు. బుడేన్ రాగిమొన కడ్డీ కాల్చి తీశాడు. చేయి ఊగింది. కరిగిన తగరం బొట్టు చిల్లు మీద పడాల్సింది పోయి అతని కాలి మీద పడింది.

"ఏందప్పా, పాయసం కలిపినట్ల కలుపుతాండావ్?" శేషయ్య పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వినందుకు తోడు నవ్వేవాళ్లు నలుగురు ఎప్పుడూ ఆయన చుట్టూ ఉంటారు. వాళ్లూ నవ్వారు.

బుడేన్ మళ్లీ కడ్డీ ఎత్తాడు. అతని కళ్లలో నీళ్లు పొగవల్ల కాదని జైతున్‌బీకి తెలుసు. గది పోతే పోనీ, ఈ మనిషిని ఇంతమందిలో ఇట్లా చూడలేననుకుంది. తిత్తి వదిలి లేచింది.

"జరగండి" అంది మొగుడితో.

"ఏయ్ అమ్మీ! కారది, గిన్నె గాదు!" అని శేషయ్య అరిచాడు.

"తెల్చు సామీ. గిన్నె మెడ ఎవురూ పట్టకారుతో ఇరవరు."

పౌలు గబుక్కున అటు తిరిగి దగ్గాడు.

జైతున్‌బీ ఆకురాయి తోక కొసను విరిగిన ముక్కలోకి కొట్టి, ఎడమవైపు మెల్లగా తిప్పి, ఆ మొండి ముక్కను బయటికి లాగింది. పాత ఇత్తడి చెంబు అడుగు నుంచి రూపాయి బిళ్లంత ముక్క కత్తిరించింది. చింతపండూ ఇసుకా పెట్టి రెండు వైపులా తళతళలాడేదాకా రుద్దింది. అతుకుల వెంబడి తడిగుడ్డలు చుట్టింది. వేడి ఆ చిల్లు చుట్టూ వేలెడు మేర దాటితే మిగతా అతుకులు కరుగుతాయి. ఆ వేలెడు ఎంతో ఏ పుస్తకంలోనూ లేదు, తొమ్మిదేళ్ల బొబ్బల్లో ఉంది. తగరం పట్టేందుకు నవసారం పొడి చల్లితే తెల్లపొగ లేచింది. ఆ పొగలోనే కడ్డీ తాకించింది. తగరం పాలమీగడలా ముక్క అంచు చుట్టూ పారి నిలబడింది.

"నీళ్లు పొయ్యి, నీళ్లు పొయ్యి! టైమైతాంది" అన్నాడు శేషయ్య.

"ఆరనీండి సామీ. మీ తొందరకే గదా అది ఇరిగింది."

"అక్కా, ఇంగ నీళ్లు వదలాలంటే ఎట్ల?" పౌలు అడిగాడు.

"కింది రబ్బరు గొట్టం ఊడదియ్యి పౌలన్నా. పోతాయి."

రేడియేటరు బిగించి, నీళ్లు పోసి, అరగంట ఇంజను తిప్పారు. వేడి ముల్లు పైకెక్కింది. బొట్టు కారలేదు. శేషయ్య వంగి వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ఆ వేలిని, ఏదో అంటుకున్నట్టు, తువాలుకు రెండుసార్లు తుడుచుకున్నాడు. పుస్తకంలో ఏదో రాసుకొని కారెక్కాడు. సన్మానం అందుకున్నాడు. శాలువా కూడా కప్పారట.

పన్నెండో రోజున కార్డు వచ్చింది. 'బుడేన్ పరీక్షలో నెగ్గలేదు. గది ఇవ్వబడదు.'

జైతున్‌బీ బస్సెక్కి నంద్యాల పోయింది. అంగడి ముందర అదే కారు నిలబడి ఉంది.

"పని జేసింది నేను గదా సామీ" అంది.

"అర్జీలో నీ పేరు యాడుంది?"

"ఇప్పుడు రాసిస్తా."

"ఇది చేతిపనోళ్ల సంఘం. ఆడోళ్ల సంఘం గాదు. ఏదో పూసినావ్, నిలబడింది. దాన్ని పనంటారా?"

"నిలబడకుంటే ఏమంటారు సామీ?"

శేషయ్య టీ తెమ్మని లోపలికి కేకేశాడు. కారు తుడుస్తున్న పౌలు గుడ్డ కింద పడేసి వచ్చాడు. "నేను జూసినానయ్యా. ఆయమ్మే ఏసింది. ఇప్పటికి ఇరవైసార్లు తిరిగినాం దాని మీద."

"డ్రైవరు మాట మీద గదులిస్తారంట్రా? ఆళ్లగడ్డలో ఒక్కరన్నా చెప్పినారా ఆయమ్మ కళాయి ఏస్తాదని? తొమ్మిదేండ్లుగా అందరూ బుడేన్ పేరే గదా చెప్తాండేది?"

ఆ మాట అని ఆయన గల్లాపెట్టె వెనక కూర్చున్నాడు. ఆరో గది ఆయన బామ్మర్ది స్టీలు గోడౌనుకు పోతోందని అప్పటికే అంగడిలో అందరికీ తెలుసు. జైతున్‌బీ తిరుగు బస్సెక్కింది. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట మాత్రం, ఊళ్లో ఎవరూ తన పేరు చెప్పలేదన్నది, నిజమని ఆమెకు తెలుసు. ఆ తప్పు శేషయ్యది కాదు, ఆళ్లగడ్డది.

కాబట్టి ఆళ్లగడ్డ వాళ్లారా, ఈ మాట మీకే. ఆమె కళాయి పూస్తుందని మీకు తెలియదా? తెలుసు. మసి ఎవరి చీరకు అంటిందో, ఎవరి చేతులు వణుకుతున్నాయో చూస్తూనే గిన్నెలు ఇచ్చారు, తీసుకున్నారు. చూసీ చూడనట్టున్నది చాలు. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు నంద్యాలలో ఆ సంఘం మీటింగు పెట్టి ఆరు గదుల పేర్లు ఖాయం చేస్తుంది. ఇంటికొకరు వచ్చి, పూసేది ఆమేనని చెప్పండి. ఎనిమిది గంటల బస్సుకు పౌలు భార్య లూదియా బస్టాండులో ఉంటుంది, ఆమెతో కలిసి పోవచ్చు. రాలేనివాళ్లు ఒక కాగితం మీద "మా ఇంటి గిన్నెలకు కళాయి వేసేది జైతున్‌బీ" అని రాసి, సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టి, ఆదివారం లోపల లూదియాకు ఇవ్వండి. జయలక్ష్మమ్మగారూ, మీరు కూడా.