నీళ్ళు మాన్పించిన చెరకు నారు

మా వదిన చెరకు నారు పెంచే తీరు చూస్తే నాకు ముచ్చటేసేది, భయమూ వేసేది. చెరకు గడల మీద మొలకెత్తే కన్నులు కోసి, ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, షేడ్‌నెట్ కింద మొలిపించేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళే నీళ్ళు. నారు నవనవలాడుతూ లేచేది. తీరా పొలంలో నాటగానే చోడవరం ఎండకు తలలు వేలాడేసేది. కిందటేడు సగం పోయింది.

"ఈసారీ పోతే ఆ నెట్ పీకేత్తాను. గేదెల్ని కట్టుకుందాం" అన్నాడు అన్నయ్య. వదిన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో ఆ చదువుకు పెద్ద గిరాకీ లేదు. ఈ ఏడు మాత్రం ఏదైనా దారి చెప్పమని వదినే అడిగింది. రంగులేని గోళ్ళ పాలిష్ కొనుక్కొచ్చాను. "ఎవరికి బాబూ?" అని ఆమె నవ్వుతూ ఆరా తీసింది. దాన్ని ఆకు అడుగున పూసి, ఆరాక పొరలా ఒలిచి, కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టి చూపించాను. బారులు తీరిన పత్రరంధ్రాలు! ఎన్నేళ్ళు చూసినా నాకు విసుగు రాదు.

"నోరు లేని మొక్కలంటావు కదా వదినా, ఇవన్నీ నోళ్ళే. గాలి పీల్చేదీ, నీళ్ళు పోగొట్టుకునేదీ వీటితోనే."

వేళ్ళకు తడి తగ్గితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. ఆకుల్లో ఇప్పటికే ఉన్న రంధ్రాలను అది మూయిస్తుంది. అంతేకాదు, ఇంకా విచ్చుకోని ఆకుల్లో రంధ్రాలు ఎక్కువగా పుట్టకుండానూ చూడగలదు. ముదురాకు పడ్డ కష్టం లేతాకుకు ముందే తెలిసిపోతుందన్నమాట. మెదడన్నదే లేని జీవికి ఇంత ముందుచూపా అని ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మూడు పూటలా తడిసే మా నారుకు ఆ కబురే అందలేదు.

"అయితే నీళ్ళు మానిపించేత్తావేటి?"

"నాటేముందు కొన్నాళ్ళు బాగా తగ్గిద్దాం. చెరకులో ఎంత పనిచేస్తుందో నాకూ ఖాయంగా తెలీదు వదినా."

ఆమె మోటారు గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నానిక్కడుంటే సెయ్యి ఆగదు" అని దేవరాపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ ధైర్యానికి మనసులోనే దండం పెట్టాను.

ఆమె తిరిగొచ్చాక నాటాం. ఎండ నిప్పులు చెరిగింది. పాత ఆకుల అంచులు మాడాయి గాని మొక్కలు నిలబడ్డాయి, కొత్త ఆకులు నిటారుగా లేచాయి. గట్టు పక్క వరస ఒక్కటే పూర్తిగా వాలిపోయింది. అవి షేడ్‌నెట్ గుమ్మం దగ్గరుంచిన ట్రేలలోవి.

"వీటికేటయింది?" అంది వదిన.

అన్నయ్య తల గోక్కున్నాడు. "నువ్వెళ్ళేక రోజూ బిందెతో నానే పోసేను. ఎండిపోతంటే సూడలేకపోయేనే."

గేదెల్ని కడతానన్న మనిషి! నాకు నవ్వాగలేదు. వదిన నవ్వలేదు. నిలబడ్డ మొక్కల్నీ వాలిన వరసనీ వదిలేసి, ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఈ నారంటే నా ఒక్కదానికే పేణమనుకున్నాను, ఇన్నాళ్ళూ" అంది.