ఎండబెట్టిన టెంటు

చిలకలగూడల మా పై పోర్షన్ అన్న ఆదివారం వస్తే చాలు, ఒక్కసారి సుత వాడని టెంటును డాబా మీద పరిచి ఎండబెట్టేటోడు. ఇద్దరం కారేసుకొని సముద్రం దాక పోయి, ఒడ్డున టెంటేసి, స్నార్కెలింగ్, డైవింగ్ చేసి నీళ్లల్ల చేపలను చూడాలని ఆరేండ్ల సంది ప్లాన్. ఆయనకు సెలవే దొరకకపోయేది. "ఇంకో ఎండ తగలనీ తమ్మీ, పక్కా పోదాం" అనేటోడు.

మొన్న చలికాలం "బామ్మర్ది ఫామ్‌హౌస్‌ల దావతుందన్నా" అని అబద్ధం చెప్పి, ఆ టెంటు అడిగి తీసుకొని ఆఫీసోళ్లతోని సముద్రానికి పోయొచ్చిన.

నేనొచ్చిన మర్నాడే ఆదివారం, ఆయన టెంటు దులిపితే ఇసుక రాలింది. అండ్లకెళ్లి చిన్న గవ్వ ఏరిండు.

"నీళ్లల్ల చేపలు మంచిగ కనపడ్డయా?" అని అడిగిండు.

నేను తల ఊపిన.

గవ్వను నా చేతుల పెట్టి, ఇంకా తడిగున్న టెంటును ఎండబెట్టకుండనే మడిచి లోపలికి తీస్కపోయిండు.